ఎక్స్‌రేలో కనిపించిన దారం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా అమ్మకు ఊపిరితిత్తిలో నీటిగడ్డ ఉందని, అనంతపురంలో ఛాతీ కోసి తీశారు. గాయం మానింది కానీ దగ్గు మానలేదు. సాయంత్రమైతే జ్వరం. మా ధర్మవరంలో ఒక డాక్టరు టీబీ అన్నాడు. ఆరు నెలలు మాత్రలు మింగింది. అయినా మగ్గం మీద కాసేపు కూర్చుంటే ఆయాసం.

మళ్లీ ఎక్స్‌రే తీయించి, ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన ఫిల్మును లైటు మీద పెట్టి, "పాత గడ్డ మచ్చ. ఏం లేదు" అన్నాడు.

అమ్మ లేచి దగ్గరికి వెళ్లింది. గుండ్రటి మసక మధ్యలో సన్నటి తెల్లగీత మెలికలు తిరిగి ఉంది.

"మచ్చ ఇట్ల మెలి తిరగదు సార్. ముప్పై ఏండ్లుగా పట్టుచీరలు నేస్తాండా. ఇది దారం. నా లోపలికి యాడ్నుంచి వచ్చె?"

ఆయన నవ్వాడు. "చీరలు నేసేదానివి, ఎక్స్‌రేలు కూడా తెలుసా?"

"దారం తెల్సు."

ఆ నవ్వు పోయింది. ఫిల్మును కవరులో పెట్టి, "ఇది ఈడ్నే ఉండనీ" అన్నాడు. అమ్మ లాక్కుంది.

"ఎద నాది, ఫోటో నాది. నేనే చూపించుకుంటా."

డాక్టరుతో అలా మాట్లాడిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు. సిగ్గుతో తల వంచుకుని ఆమె వెనకే బయటికి నడిచాను.

బెంగళూరులో స్కాన్ తీశారు. అక్కడి డాక్టరమ్మ చూపించింది: మందపాటి గోడ కట్టిన గడ్డ, లోపల స్పాంజిలో ఉన్నట్టు చిన్న చిన్న గాలి బుడగలు, వాటి మధ్య ఆ తెల్ల మెలిక. ఆపరేషన్‌లో రక్తం తుడిచే గుడ్డను లోపలే మరిచిపోయారు. అలా మరిచిపోతే ఎక్స్‌రేలో కనబడాలనే ఆ గుడ్డలో ప్రత్యేకంగా ఒక దారం పెడతారట.

"చూస్తివా?" అంది అమ్మ నాతో. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మళ్లీ కోసి తీశారు. ఇంటికి పంపే రోజు ఇచ్చిన కాగితంలో 'గడ్డ తీశాము' అని ఉంది. నాతో చదివించుకుని, "గుడ్డ అని రాయి తల్లీ. రాసినంకనే పోతా" అంది డాక్టరమ్మతో. మా బస్సు వెళ్లిపోయినా మంచం దిగలేదు. చివరికి రాశారు.

కోలుకున్నాక ఆ కాగితం తీసుకుని అనంతపురం వెళ్లింది. డాక్టరు చదివాడు.

"తప్పైందమ్మా" అన్నాడు మెల్లగా.

"గట్టిగా చెప్పు సార్. బయట కూర్చున్నోళ్లకు ఇనబడాల."

గది తలుపు తెరిచే ఉంది. ఆయన మళ్లీ చెప్పాడు.