సోమన్నది వ్యసనం, నాది సరదా అనుకున్నాను

అనంతగిరి కొండల్లోని ఒక ఆరోగ్య కేంద్రంలో నేను నర్సుగా చేరిన కొత్తలో జరిగిందిది. సారా మానలేక అవస్థ పడుతున్న సోమన్న అనే కాఫీ రైతుకు జాగ్రత్తలు చెబుతున్నాను. చెబుతూనే బల్ల కింద ఫోన్లో పేకాట ఆడుతున్నాను. డబ్బు పెట్టి ఆడతానని ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు.

ఆయన గమనించాడు. "సిస్టరమ్మా, ఆ ఫోను కాసేపు పక్కనెట్టగలవా?" అన్నాడు.

పెట్టాను. నిమిషం గడవకముందే నా చెయ్యి దానివైపు వెళ్లింది. అప్పటిదాకా ఆయనది వ్యసనం, నాది సరదా అనుకున్నాను. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన నవ్వలేదు. "ఏడవకమ్మా. నాకూ ఇలాగే అవుతాది. ఇద్దరం కలిసి మానేద్దామా?" అన్నాడు.

అప్పటినుంచి సంత రోజున వచ్చి, "ఈ వారం ఎలా గడిసింది?" అని నన్నే ముందు అడిగేవాడు. మధ్యలో ఇద్దరం తప్పాం, మళ్లీ మొదలుపెట్టాం. ఆయన తాగి ఏడాదైంది, నేను ఆడి పది నెలలు. అంత ఓపిగ్గా రోగిని అడగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.