సింతసిగురు పలక

మే నెల ఎండలో ద్వారకా నగర్‌లో రెండో అంతస్తు ఎక్కి పాఠం చెప్పడానికి ఒప్పుకున్నదాన్ని నేనే కాబట్టి ఎవరినీ తిట్టుకోవడానికి లేదు. కింది అంతస్తులో కోచింగ్ సెంటర్. అక్కడ పిల్లలు ర్యాంకుల కోసం తలలు వంచుకుని కూర్చుంటే, పైన మా గదిలో పన్నెండు మంది ఆడుకుంటున్నట్టే ఉండేది. కంప్యూటర్ చేత బొమ్మలు గీయించడం, పాటలు కట్టించడం, కథలు చెప్పించడం మా పని. అందరూ తొమ్మిది, పది తరగతుల వాళ్ళు. నేను దువ్వాడలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. ఇలాంటి వేసవి క్లాసు నెత్తికెత్తుకోవడం అదే మొదలు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మొదటి వారమంతా పిల్లల కంటే ముందే వెళ్ళి తాళం తీయించుకుని కూర్చునేదాన్ని.

క్లాసు నాలుగు వారాలు. ఆఖరి రోజు తల్లిదండ్రులను పిలిచి, ఎవరు చేసింది వాళ్ళు చూపించాలి. ఒకడు హార్బర్ క్రేన్లతో ఆట తయారు చేస్తానన్నాడు. ఇంకొకామె చప్పట్లు కొడితే రంగులు మారే నెమలిని చేస్తానంది. సబ్బవరం నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి వంతు వచ్చేసరికి, "మా యమ్మకి పలక సేత్తాను మేడం," అంది.

వాళ్ళమ్మ రైతుబజారులో కూరగాయలు అమ్ముతుంది. ఆ రోజు ఏమేమి తెచ్చిందో కొట్టు ముందు ఒక పలక మీద రాసి పెట్టాలి. ఆవిడకు చదువు రాదు. పక్కవాళ్ళను బతిమాలుకుంటే, వాళ్ళకు తీరిక దొరికేసరికి సగం బేరాలు అయిపోతాయి. అందుకని అమ్మ నోటితో చెబితే చాలు, తెర మీద పెద్దపెద్ద అక్షరాలతో దానంతటదే రాసే పలక కావాలట. పన్నెండు మందిలోనూ మరో మనిషి అవసరం గురించి ఆలోచించింది ఈ పిల్ల ఒక్కతే. నాకు భలే ముచ్చటేసింది.

మాట వింటే అక్షరాలుగా మార్చే సదుపాయం మా కంప్యూటర్లలో ముందే ఉంది. దాన్ని తన పలకకు తగిలించి, రెండో వారంలో ఒకరోజు అందరి ముందూ మైకు పట్టుకుని నిలబడింది.

"సింతసిగురు," అంది.

తెర మీద 'సొంత సిగరెట్టు' అని పడింది.

నేను నవ్వేశాను. ఆపుకోలేకపోయాను. టీచరే నవ్వాక పిల్లలు ఆగుతారా, గది గదంతా గొల్లుమంది. ఆ పిల్ల ఇంకా గట్టిగా, ఇంకా నెమ్మదిగా అంది. మళ్ళీ సిగరెట్టే. "సేమదుంపలు" అంటే 'సోమ దుంపలు' అని రాసింది. వెనక బెంచీ నుంచి ఎవడో "మంగళ దుంపలు లేవా?" అన్నాడు. దానికి నేను మళ్ళీ నవ్వాను.

"చ అనమ్మా, చ. చింతచిగురు. దానికి మంచి తెలుగే తెలుసు," అన్నాను.

"నాను అనగల్ను మేడం. మా యమ్మ సింతసిగురనే అంటాది."

"అయితే మీ అమ్మకూ నేర్పించు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అన్నారు."

సామెత సమయానికి తట్టిందని ఆ పూట మురిసిపోయాను కూడా. ఆ సామెత మర్యాదగా మాట్లాడమని చెప్పేది. అక్షరాల గురించి కాదు. ఆ లెక్కన మంచి నోరు లేనిది ఆ గదిలో నాకే. మర్నాడు ఆ అమ్మాయి రాలేదు.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. మా నాన్న సొంతూరు సబ్బవరానికి అవతల ఒక చిన్న పల్లె. స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చి మేం క్వార్టర్స్‌కి మారినప్పుడు నాకు పదకొండేళ్ళు. మా వీధి నిండా గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలే. నేను నోరు తెరిస్తే చాలు, వాళ్ళ పిల్లలు "ఏటీ? ఏటీ?" అని వెక్కిరించేవాళ్ళు. ఆ వేసవి సెలవుల్లో అద్దం ముందు నిలబడి ఒక్కొక్క మాటా దిద్దుకున్నాను. బడి తెరిచేసరికి నేనెక్కడి పిల్లనో ఎవరూ పోల్చుకోలేకపోయారు. అది నాకు చాలా ఏళ్ళ పాటు పెద్ద గొప్ప. అలాంటి నేను, పదిహేనేళ్ళ పిల్ల అదే మాట అంటే, కంప్యూటర్ పక్షాన నిలబడి నవ్వాను. తలచుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

మూడోరోజు ఆ అమ్మాయి వచ్చింది. నాతో మాట్లాడలేదు. మైకు జోలికీ పోలేదు. చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తన మానాన తను ఏదో చేసుకుంటోంది. వెనకగా వెళ్ళి చూశాను. ముందు తగిలించిన సదుపాయాన్ని మొత్తం పీకేసింది. మొదటి వారంలో నేను ఒక పద్ధతి చూపించాను: ఒకే చప్పుడు చాలాసార్లు వినిపించి, ఇది ఈల, ఇది చప్పట్లు అని కంప్యూటర్‌కి మనమే నేర్పడం. పిల్లలందరూ దాన్ని ఆ రోజే మరిచిపోయారు. ఈ పిల్ల మాత్రం ఇంటి దగ్గర ఫోన్లో వాళ్ళమ్మ గొంతు పట్టి తెచ్చింది. ఒక్కొక్క కూర పేరూ ఇరవై సార్లు.

"నేను వినొచ్చా?" అన్నాను.

ఇయర్‌ఫోన్లు తీసి ఇచ్చింది.

సింతసిగురు. సింతసిగురు. మధ్యలో కోళ్ళు, ఎక్కడో బస్సు హారను. ఆరోసారికో ఏడోసారికో "ఇంకా ఎన్నిమార్లే?" అని నవ్వు, మళ్ళీ బుద్ధిగా సింతసిగురు. ఆ గొంతు వింటుంటే మా పల్లెలో పెద్దమ్మలు, పిన్నులు అంతా వచ్చి నా చుట్టూ కూర్చున్నట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బాగుంది" అని మాత్రం అనగలిగాను. నిజానికి అక్కడే, అప్పుడే, తప్పయిందని చెప్పాల్సింది. పిల్లల చేత రోజుకు పదిసార్లు సారీలు చెప్పిస్తాం గానీ, మా టీచర్ల నోట ఆ ముక్క రావాలంటే బ్రహ్మప్రళయం.

మూడో వారం చివర్లో, ఆఖరి రోజు ఎవరింటి నుంచి ఎవరొస్తారో రాసుకుంటున్నాను.

"మా ఇంటికాణ్ణించి ఎవులూ రారు మేడం," అంది.

"అమ్మ?"

"ఆవిడకి కాళీ ఉండదు."

తల ఎత్తకుండా చెప్పింది. నాకు అనుమానం వచ్చి, సాయంత్రం వాళ్ళింటికి ఫోన్ చేశాను. తల్లే ఎత్తింది.

"నాకు రావాలనే ఉందమ్మా," అంది. "మా గుంటే వద్దంటంది. నాను మాటాడితే అందరూ నవ్వుతారట. నిజమేటమ్మా?"

"ఎవరూ నవ్వరు. మీరు తప్పకుండా రండి," అన్నాను. నవ్విందెవరో మాత్రం చెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు మనసు మనసులో లేదు. నా దగ్గర మూడు వారాలు చదువుకున్న పిల్ల కంప్యూటర్ నేర్చుకుందో లేదో గానీ, కన్నతల్లి మాటకు సిగ్గుపడడం నేర్చుకుంది. అది నేర్పిందాన్ని నేను. ఆ తల్లి వచ్చి, ఆ మైకు ముందు, తన నోటితో తన మాట అనకపోతే ఆ పిల్లకు ఇక ఆ సిగ్గు వదలదు. నాకు వదల్లేదు కదా.

ఆఖరి రోజు ఆవిడ వచ్చింది. నాకోసం కవరు నిండా చింతచిగురు తెచ్చింది. తల్లి గుమ్మంలో కనబడగానే పిల్ల ముఖం పాలిపోయింది. నా దగ్గరికి వచ్చి, "మీరు పిలిసేరా మేడం?" అంది. అవునన్నాను. వెళ్ళి తన కంప్యూటర్ ముందు కూర్చుంది.

క్రేన్లు తిరిగాయి. నెమలి రంగులు మారింది. తర్వాత సబ్బవరం పిల్ల వంతు. తల్లిని ముందుకు పిలిచి మైకు చేతికిచ్చింది. ఆవిడ పెదవులు బిగించుకుని నిలబడింది. పిల్ల ఒక్క క్షణం గది అంతా చూసింది.

"ఇంటికాడ అన్నట్టే అనమ్మా," అంది.

"సింతసిగురు," అంది తల్లి, చాలా చిన్నగా.

తెర కాసేపు ఖాళీగా ఉంది. తర్వాత ఆకుపచ్చ రంగులో, గది చివరికి కనబడేంత పెద్ద అక్షరాలు పడ్డాయి: సింతసిగురు. ఈసారి ఆవిడ కొంచెం గట్టిగా అంది. సేమదుంపలు. సిక్కుడుకాయలు. అన్నవి అన్నట్టే వరసగా పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఏ మాటకు ఏ అక్షరాలు పడాలో ముందే టైపు చేసి పెట్టింది ఆ పిల్లే. తల్లి ఏమన్నా తెర మీద చింతచిగురు అనే రాయిస్తుందనుకున్నాను నేను.

ముందు వరసలో కూర్చున్న ఒక తండ్రి, మాటను బట్టి గోదావరి వైపాయన, మంచిగానే అన్నాడు. "పాప చాలా బాగా చేసిందండి. అక్షరం ఒక్కటే తప్పు పడిందండి. చ రావాలి కదండీ?"

"మా యమ్మ అన్నదే రాసింది సార్. తప్పెలగవుద్ది?" అంది పిల్ల.

తల్లికి ఆ తెర మీద ఏముందో తెలియదు. ఆయన వైపు చూసి, కూతురి వైపు చూసి, చివరికి నా వైపు తిరిగింది. "సరిగ్గా రాసిందేటమ్మా?"

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు.

"సరిగ్గానే రాసింది," అన్నాను. "మీరు ఏమన్నారో అదే రాసింది."

ఆవిడ ముఖం విచ్చుకుంది. పమిటతో మెడ తుడుచుకుని, కూతురి మీద ముద్దుగా కసురుకుంది. "మరి నవ్వుతారన్నావేటే? ఎవులు నవ్వేరే?"

పిల్ల నేల చూపులు చూస్తోంది. ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు.

"నాను నవ్వేనమ్మా," అన్నాను.