క్షేమంతో మొదలైన రోగం

కత్తితో చంపినవాళ్లను, కర్రతో చంపినవాళ్లను మీరు చూసే ఉంటారు. రెండు ఠావుల కాగితంతో మనిషిని చంపినవాణ్ణి చూడాలంటే ఇలా నా వైపు తిరగండి. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

అరవై ఎనిమిది ప్రాంతం. కోటబొమ్మాళి దగ్గర మా ఊళ్లో ఉత్తరం రాయాలన్నా చదవాలన్నా ఇరవై రెండేళ్ల నేనే దిక్కు. నా ఉత్తరాలన్నిటికీ ఒకటే అచ్చు. “ఇక్కడ మేమందరం క్షేమం, మీరు క్షేమమని తలుస్తాము” అని ఎత్తుకుని, వానలు, నాట్లు, గేదె ఈనడం అన్నీ అయ్యాక, ఆఖరి వరుసలో “మీ తల్లి మంచాన పడింది” అని ముగించేవాణ్ణి. చెడ్డకబురు ముందే రాసేస్తే చదివేవాడి గుండె ఆగిపోదూ!

ఆ ఏడు నాట్ల రోజుల్లో మా అమ్మ తమ్ముడు అప్పన్న మావకి దగ్గులో నెత్తురు పడింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఎద్దు కూలబడ్డా తను కూలబడని మనిషి. ఆయన పెళ్లాం పైడమ్మత్త హడలిపోయి నా దగ్గరికొచ్చింది.

“ఒరే అల్లుడా, సీకాకులం పెద్ద డాట్రుకాడికి తీసుకెల్లు. మీ మావకి నోరు నేదు. నువ్వే సెప్పాల.”

“బెంగెట్టుకోకత్తా. ఏటేటి సెప్పాలో అన్నీ రాసుకునే ఎల్తాను.”

రాశాను. బస్సులో మావకి కూడా తర్ఫీదు ఇచ్చాను.

“డాట్రు ముందు దగ్గకు మావా. పెద్దమనిసి. మీద తుంపర్లు పడితే ఏటనుకుంటాడు? ఇదిగో కరక్కాయ, బుగ్గనెట్టుకో. నాను సదువుతన్నంతసేపూ నోరిప్పకు.”

“దగ్గుకే కదరా ఎల్తన్నాం?” అన్నాడు మావ.

చదువులేనివాడు కదా అని జాలిపడ్డాను.

డాక్టరు గారి వాకిట్లో జనం ఆదివారంనాటి అరసవల్లిలా ఉన్నారు. మా వంతు వచ్చింది. కాగితం విప్పి గొంతు సవరించుకున్నాను.

“అయ్యా, తమ దయవలన మా మామ క్షేమము. తమరు క్షేమమని తలుస్తాము.”

డాక్టరు కళ్లజోడు పైనుంచి చూశాడు. “క్షేమమైతే ఇక్కడికెందుకొచ్చారు?”

“వస్తన్నానండి, అక్కడికే వస్తన్నాను. ఈ ఏడు వానలు ఆలస్యము. అందువలన నాట్లు ఆలస్యము. వంగి వంగి నడుము పట్టినది. ఆకలి పరవాలేదు. నిద్ర పరవాలేదు. ఎడమ మోకాలు మాత్రము...”

“నువ్వాగు. ఏమయ్యా, నువ్వు చెప్పు. ఏం బాధ?”

మావ కరక్కాయని ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చి, కళ్లనిండా నీళ్లతో నావైపు వేలు చూపించాడు. ఆ నీళ్లు మింగిన దగ్గువని నాకు తెలుసు. డాక్టరుకి తెలియదు. ఆయన నాడి పట్టుకుని చూసి, “నీరసం” అని తేల్చి, నడుముకి తైలం, ఒంటికి టానిక్ రాసి గంట కొట్టాడు.

“రెండో ఠావు ఉందండి...”

“మళ్లీ వచ్చినప్పుడు చదువుదువుగాని.”

ఒక్కమాట అరిచి ఉంటే సరిపోయేది. పెద్దమనిషి మాటకి అడ్డం పడతామా? బయటికొచ్చాక మావే నాకు ధైర్యం చెప్పాడు.

“సెయ్యట్టుకు సూసేడు కదరా. ఆయనకి తెలీనిదేటుంటాది?”

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. చెప్పకపోయినా డాక్టరు టానిక్ పెట్టేస్తాడు, అదీ చిక్కు.

నాలుగు నెలలు తాగాడు మావ. అత్త గొణిగినప్పుడల్లా “ఒసే, డాట్రు సూసేడు, ఏటీ నేదన్నాడు” అనేవాడు, నెత్తురంటిన తువ్వాలు వెనక్కి దాచుకుంటూ. కోతల్లో చేలోనే పడిపోయాడు. మళ్లీ అదే డాక్టరు. ఈసారి ఎక్స్‌రే తీశారు. క్షయ. రెండు ఊపిరితిత్తులూ తినేసింది.

“నెత్తురు ఎప్పట్నుంచి పడుతోందమ్మా?”

“నాట్ల కాడినుంచి బాబూ,” అంది అత్త.

“మరి అప్పుడెందుకు చెప్పలేదు?”

“రాసేనండి,” అన్నాను నేను.

“ఎక్కడ?”

“ఆఖరి లైన్లో.”

డాక్టరు సూదిమందు రాసి, చీటీ నాకు కాకుండా అత్తకిచ్చాడు. 

సూదులు పొడిపించి ఇంటికి తెచ్చాం. అవి అందుకునేంత ఒళ్లు మావకి మిగల్లేదు. ఓ రోజు నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

“ఒరే, యముడికాడికి ఎల్తన్నాను. నా తరఫున నువ్వేటీ రాసియ్యకు. అక్కడ నానే మాటాడుకుంతాను.”

అని నవ్వబోయి దగ్గాడు. మర్నాడు పోయాడు.

కాబట్టి ప్రత్యక్ష దైవమైన సూర్యుడి సాక్షిగా, తూర్పుకి తిరిగి, చెప్పులు విడిచి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, కూర్చోకముందే, దండం పెట్టకముందే, అన్నిటికన్నా భయపెట్టే ముక్క ముందు చెప్పేస్తాను. మొన్న చిగురు వాచి పంటి డాక్టరు దగ్గరికెళ్లి, గుమ్మంలోంచే “నెత్తురు!” అని కేక పెట్టాను. బల్లమీద కూర్చున్న ఇద్దరు లేచి పారిపోయారు. మర్యాద తెలియని మనిషినని కాంపౌండరు తిట్టాడు. తిట్టనీండి. మర్యాద తెలిసిన రోజుల్లో నేనేం చేశానో మీరు విన్నారుగా.