ఎవరి ద్వారా వచ్చారండి?

మా ఆయనకి పొత్తికడుపు కింద కుడివైపు ఉబ్బు కనిపించి, దగ్గినప్పుడల్లా అది బయటికి పొడుచుకొస్తోందని తెలిసినప్పుడు మేము ముందుగా కబురు పెట్టింది మా ఊరి డాక్టరుగారికే. డాక్టరుగారంటే పెద్ద చదువులు చదివిన మనిషి కాదు. కడియం చుట్టుపక్కల మాలాంటి మొక్కల నర్సరీల్లో ఎవరికి జ్వరమొచ్చినా మోటారు సైకిలు మీద వచ్చి, ఇంజెక్షన్ చేసి, మాత్రలిచ్చి వెళ్ళే ఆర్‌ఎంపీ. మా పిల్లలకి ఏ నలత చేసినా ఆయనే చూసేవారు. మా అత్తగారు మంచాన పడ్డ ఆఖరి సంవత్సరం రోజూ సాయంత్రం వచ్చి, ఆవిడ వీపు మీది పుళ్ళు కడిగి కట్టు కట్టి వెళ్ళేవారు. కన్నకూతుళ్ళు ముక్కు మూసుకుని నిలబడ్డ చోట ఆయన చేతులు పెట్టి పనిచేశారు. అందుకని మా ఇంట్లో ఆయన మాటకి తిరుగుండేది కాదు.

ఆయన చూసి, "హెర్నియా అండి. మట్టి బస్తాలు మోసీ మోసీ తెచ్చుకున్నారు. మందులకి తగ్గదు. ఆపరేషన్ చేసి, లోపల వలలాంటిది వేసి కుట్టాలి. మెష్ అంటారు దాన్ని. రాజమండ్రిలో నాకు తెలిసిన హాస్పిటల్ ఉంది. నేను దగ్గరుండి చేయిస్తాను, కంగారు పడకండి" అన్నారు.

అన్నట్టే దగ్గరుండి తీసుకెళ్ళారు. హాస్పిటల్ కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మా ఆయన పేరు, వయసు, ఊరు అడిగింది. తర్వాత ఏం జబ్బని అడుగుతుందనుకున్నాను. "ఎవరి ద్వారా వచ్చారండి?" అని అడిగింది. డాక్టరుగారు ముందుకి వంగి తన పేరు చెప్పారు. ఆ అమ్మాయి కంప్యూటర్లో కొట్టుకుంది. తెలిసినవాళ్ళ ద్వారా వచ్చినవాళ్ళని బాగా చూస్తారు కాబోలనుకున్నాను. మనకీ ఒక మనిషి ఉన్నాడని కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. సర్జన్ నెమ్మదస్తుడు, చెయ్యి మంచిదని పేరు. బిల్లు మా ఆయన రెండుసార్లు చదివారు. ఆ సీజన్లో ఒడిశా వైపు పంపిన గులాబీ మొక్కల లోడు మీద వచ్చిందంతా దానికే పోయింది. ప్రాణం కన్నా ఎక్కువా అనుకుని కట్టేసి వచ్చాం. ఇంటికొచ్చాక డాక్టరుగారికి బట్టలు పెట్టాను.

ఆ మరుసటి వానాకాలం భీమవరంలో మా అన్నయ్యకి అదే జబ్బు వచ్చింది. అన్నయ్యకి రొయ్యల చెరువులున్నాయి. రోజంతా గట్ల మీద తిరిగే మనిషి, నడవలేని స్థితి వచ్చేదాకా ఇంట్లో చెప్పలేదు. వదినకి సాయంగా ఉందామని వెళ్ళాను. ఆపరేషన్ అయ్యాక థియేటర్లోంచి బయటికొచ్చిన సర్జన్ని చూసి లేచి నిలబడ్డాను. మా ఆయనకి చేసింది ఈయనే. వారంలో ఒకరోజు భీమవరం వచ్చి ఇక్కడి హాస్పిటల్లో ఆపరేషన్లు చేసి వెళ్తారట.

"నమస్కారమండి. పోయినేడాది రాజమండ్రిలో మా ఆయనకి మీరే చేశారు" అన్నాను.

ఆయనకి గుర్తులేదు. అయినా నవ్వి, "అలాగా అమ్మా. బాగున్నారా ఆయన? బరువులు ఎత్తనివ్వకండి" అన్నారు.

"అదే ఆపరేషనాండి మా అన్నయ్యకి కూడా?"

"అదేనమ్మా. మెష్ కూడా అదే కంపెనీది. ఏం భయం లేదు."

డిశ్చార్జి రోజున వదిన కట్టిన డబ్బు ఎంతో తెలిసింది. మా దగ్గర తీసుకున్నదాంట్లో సగం. మళ్ళీ అడిగాను. గది అద్దె, మందులు, మత్తు డాక్టరు, అన్నీ కలిపేనంది వదిన.

అన్నయ్య కుట్లు నొప్పెడుతున్నా పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వు బేరం ఆడలేదేంటే? రొయ్యలు పట్టే రోజున కొనేవాడు చెప్పిన రేటుకి నేనెప్పుడైనా తలూపానా? మూడు హాస్పిటళ్ళు తిరిగాను. ఒకడి రేటు ఇంకొకడికి చెప్పాను. నాన్న పొలం అమ్మేటప్పుడు కూడా మీ ఆయన ఇంతే, అడిగినంతకి ఇచ్చేద్దాం అన్నాడు."

"రోగంతో ఉన్న మనిషిని పక్కన పెట్టుకుని బేరం ఏంటన్నయ్యా?"

"అదే కదా వాళ్ళకి కావలసింది" అన్నాడు.

ఆ తర్వాత మా పుట్టింటివైపు ఏ పెళ్ళికి వెళ్ళినా ఈ కథ చెప్పుకుని నవ్వేవారు. మా ఆయన కూడా నవ్వేవారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. భీమవరం నుంచి తిరిగొస్తూ బస్సులో రాజమండ్రి హాస్పిటల్ తరఫున నేనే సాకులు వెతికాను. రాజమండ్రి పెద్ద ఊరు, అద్దెలెక్కువ. లిఫ్టు ఉంది, ఏసీ గది. కానీ కోసిన చెయ్యి ఒకటే కదా. రావులపాలెం దాటి బ్రిడ్జి ఎక్కేసరికి సాకులు అయిపోయాయి.

మా ఆయన వద్దంటున్నా ఆ హాస్పిటల్‌కి వెళ్ళి మేనేజర్ని కలిశాను. మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించాడు.

"అక్కడి ఖర్చులు వేరండి, ఇక్కడి ఖర్చులు వేరు. మిషన్లన్నీ లోన్ల మీద తెచ్చాం. ఇన్సూరెన్స్ వాళ్ళొస్తే ఒక రేటు, గవర్నమెంటు కార్డు వాళ్ళొస్తే ఒక రేటు. కార్డు మీద మాకొచ్చేది తక్కువ, అదీ ఎప్పుడో వస్తుంది. అది ఎక్కడో అక్కడ సర్దుకోవాలి కదండి."

"మాలాంటివాళ్ళ దగ్గరా సర్దుకునేది?"

చేతిలో పెన్ను కింద పెట్టాడు. "పేషెంటుని తెచ్చినవాళ్ళని కూడా మేం చూసుకోవాలి కదండి. మేం చూడకపోతే వాళ్ళు పక్క వీధిలోకి తీసుకెళ్తారు" అన్నాడు.

"ఎంత ఇచ్చారు?"

"అది మీవాళ్ళనే అడగండి మేడమ్."

అడిగాను. డాక్టరుగారు మా నర్సరీ షెడ్డు ముందు బండి ఆపినప్పుడు, ఎదురెళ్ళి నిలబడి అడిగాను. కాదంటారనుకున్నాను. కాదన్నా బాగుండేది, ఇద్దరం అక్కడితో ఊరుకునేవాళ్ళం.

"తీసుకున్నానమ్మా" అన్నారు బండి దిగకుండానే. "మీ అత్తగారికి ఏడాది కట్లు కట్టాను. నెల తిరిగాక మీరిచ్చింది బండి పెట్రోలుకి సరిపోయిందా? వానలో వచ్చాను, పండగపూట వచ్చాను. మీరు బట్టలు పెట్టారు, కాదనను. కానీ నా కూతురు ఫీజు బట్టలతో కట్టలేను కదమ్మా. మీరెవరూ ఇవ్వనిది వాళ్ళిస్తున్నారు."

"వాళ్ళు ఇస్తున్నదీ మాదే కదా డాక్టరుగారూ."

"అడిగితే ఇచ్చేవారా?" అని బండి స్టార్టు చేశారు.

ఇచ్చేవాళ్ళం కాదు. అది తెలిసే కోపం ఇంకా పెరిగింది.

మా ఆయన అయితే ఆయన్ని వెనకేసుకొచ్చారు. "హైదరాబాద్ కారు ఆగితే మనం ఒక రేటు చెప్తాం, లారీవాడికి ఒక రేటు చెప్తాం. కారుని తీసుకొచ్చిన డ్రైవరుకి ఎంతో కొంత ఇస్తాం. మనం చేసేదేగా వాళ్ళూ చేస్తున్నది?"

"మొక్క కొనకపోతే ఎవరూ చచ్చిపోరండి."

"అందుకే మన దగ్గర బేరాలాడతారు" అన్నారాయన.

ఆ రోజుల్లోనే నేను ఒక నిర్ణయానికొచ్చాను. మనవాళ్ళెవరికైనా అవసరం పడితే మధ్యలో ఎవరూ లేకుండా నేనే తీసుకెళ్తాను, ఎలా దోచుకుంటారో చూస్తాను అని. అవసరం తొందరగానే వచ్చింది.

నేను కాపురానికొచ్చిన కొత్తలోనే మా నర్సరీలో పనికి చేరిన మనిషి ఒకామె ఉండేది. కవర్లలో మట్టి నింపడం, నారు పెట్టడం ఆమె పని. నాకన్నా కాస్త పెద్దది. ఆమెకి బొడ్డు దగ్గర హెర్నియా. ఎప్పటినుంచో ఉందట, చీర బిగించి కట్టుకుని పనిచేసేది. ఒకరోజు మట్టికుప్ప పక్కన అలాగే కూలబడిపోయింది. ప్రభుత్వ కార్డు ఉంటే ఉచితంగా అయ్యేది. కొడుక్కి చిన్న ఉద్యోగమొచ్చిందని ఆమెకి కార్డు తీసేశారు. పెద్దాసుపత్రికి వెళ్దామంటే ఏడుపు లంకించుకుంది. ఆమె భర్త అక్కడే పోయాడు. "అక్కడికి మాత్రం వద్దండి, మీ కాళ్ళు మొక్కుతాను" అంది.

రాజమండ్రిలోనే ఇంకో హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. కౌంటర్లో అదే ప్రశ్న.

"ఎవరి ద్వారా వచ్చారండి?"

"ఎవరి ద్వారానూ కాదు. మేమే వచ్చాం" అన్నాను, ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నదానిలా.

ఆ అమ్మాయి చెయ్యి కీబోర్డు మీద ఆగింది. "అది ఖాళీ వదిలేస్తే ముందుకెళ్ళదండి. మీ పేరు రాస్తున్నాను" అంది. రాసుకోమన్నాను.

రేటు రెండోసారి చెప్పించుకున్నాను. మధ్యవర్తి లేడు కదా, వాడి వాటా తగ్గుతుందనుకున్నాను. ఏమీ తగ్గలేదు. మా ఆయనకి ఎంతయిందో ఇంచుమించు అంతే. భీమవరం రేటు చెప్పి వాదించాను. మూడు హాస్పిటళ్ళు తిరిగిన అన్నయ్య మాటలన్నీ గుర్తుచేసుకుని మాట్లాడాను.

"అయితే భీమవరం తీసుకెళ్ళండి మేడమ్" అన్నాడు అక్కడి మేనేజర్, కోపం లేకుండా.

అప్పటికే ఆమె బెంచీ మీద ముడుచుకుని వాంతి చేసుకుంటోంది. పేగు ఇరుక్కుందని, ఇంక ఆగకూడదని లోపల్నుంచి డాక్టరు చెప్పి పంపారు. మేనేజర్‌కి నా వాదన అంతా అర్థమైంది, ఆ వాంతి కూడా అర్థమైంది. ఒప్పుకున్నాం. కొడుకు వచ్చి ఆమె చెవులకున్నవి విప్పించుకుని వెళ్ళి డబ్బు తెచ్చాడు. తక్కువైంది మేము వేశాం.

మనిషి బతికింది. అది మాత్రం నిజం. డాక్టర్లు బాగా చేశారు.

ఇంటికి పంపే రోజున మేనేజర్ నన్ను లోపలి గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఒక కవరు పెట్టాడు.

"ఏంటండి ఇది?"

"మీదేనండి. మీరు తీసుకొచ్చారు కదా."

అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కవరుని వెనక్కి తోశాను. "ఇది ఆమె బిల్లులో తగ్గించండి" అన్నాను.

"బిల్లు అయిపోయిందండి. ఇది వేరు, అది వేరు."

"నేను తీసుకోకపోతే?"

"మాకు మిగులుతుందండి. ఆవిడకైతే రాదు."

ఆ మనిషి వెటకారంగా అనలేదు. ఉన్నమాట చెప్పాడు. కవరు తీసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో దాన్ని ఆమె ఒళ్ళో పెట్టి, నాకు ఎందుకిచ్చారో, అది ఎవరి డబ్బో అంతా చెప్పాను. ఆమె కవరు విప్పలేదు. చేత్తో మందం చూసింది.

"ఇది మీకిచ్చారాండి?"

"నాకిచ్చారు. నీదే కదా, అందుకే నీకిస్తున్నాను."

బోసి చెవి మీద కొంగు సర్దుకుని, చాలా మెల్లగా అడిగింది. "మొత్తం ఇదేనాండి?"

డ్రైవరు పక్కన కూర్చున్న కొడుకు వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు. మొత్తం అదేనన్నాను. ఆయ్ అండి, అంది.

తప్పు ఆమెది కాదని ఇప్పటికీ నాకు తెలుసు. ఏది ఎంతో, ఎవరికి ఎంత పోతుందో ఎవరూ ఏనాడూ సరిగా చెప్పని లోకంలో ఆమె బతికింది. నేనొక్కదాన్నే నిజం చెబుతున్నానని ఎలా నమ్ముతుంది? అంత తెలిసినా ఆ మాట నాకు ముల్లులా దిగింది, ఇంకా బయటికి రాలేదు.

ఊళ్ళో మాట పాకింది. నర్సరీ అమ్మగారు పనిమనిషిని ఆసుపత్రికి తోలుకెళ్ళి కమీషన్ తీసుకుందని, అడిగితే అందులో కొంత ఇచ్చిందని. ఎవరు మొదలుపెట్టారో తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. డాక్టరుగారు ఒకసారి రోడ్డు మీద కనిపించి, "విన్నానమ్మా. ఊళ్ళో నామీద ఇలాంటివి ఎన్ని తిరుగుతుంటాయో ఇప్పుడు తెలిసుంటుంది" అన్నారు. వెక్కిరిస్తున్నారేమోనని మొహంలోకి చూశాను. లేదు, జాలిగా అన్నారు. అది ఇంకా కష్టమనిపించింది.

ఆమె కోలుకున్నాక వేరే నర్సరీలో తేలికపని చూసుకుంది. ఎదురుపడితే "బాగున్నారాండి" అంటుంది. నేనూ బాగున్నానంటాను. ఆ హాస్పిటల్ నుంచి మాత్రం ఫోన్లు వస్తూనే ఉంటాయి. నా పేరు వాళ్ళ కంప్యూటర్లో ఉండిపోయింది. "మేడమ్, మీ ఏరియా నుంచి కేసులేమైనా ఉంటే పంపండి" అని ప్రతిసారీ ఒక కొత్త గొంతు.

ఈమధ్య మా తోటికోడలికి అదే ఆపరేషన్ చేయించాలన్నారు. "నువ్వు అన్నీ తిరిగిన మనిషివి కదక్కా, ఎక్కడికెళ్తే మంచిది?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. వాళ్ళు డాక్టరుగారితో కలిసి కారులో రాజమండ్రి వెళ్ళారు. పదిరోజుల తర్వాత చూడ్డానికి వెళ్తే మనిషి తేరుకుని మంచం మీద కూర్చుని ఉంది. బాగా చూశారంది. బిల్లు ఎంతయిందో చెప్పబోతుంటే, పాలు పొంగుతున్నట్టున్నాయని లేచి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద ఏమీ లేదు.