కడిగిన ట్రక్కు

మా ఆయన ఫౌజులో ట్రక్కు నడిపాడు. పెన్షన్ మీద ఊరికి వచ్చాక కొన్నేళ్లు నాందేడ్‌లో ఒక గోదాముకు కాపలా కాశాడు. అక్కడే ఒక పాత ఇనుము వ్యాపారి దొడ్లో, తాను నడిపిన రకం ట్రక్కే కోతకు సిద్ధంగా నిలబడి ఉండటం చూశాడట. నన్ను అడగలేదు. ధర్మాబాద్ దగ్గరున్న మా ఊరిదాకా దాన్ని ఇంకో లారీకి గొలుసుతో కట్టి ఈడ్పించుకొచ్చాడు.

అది వాకిట్లోకి వచ్చిన రోజే చుట్టూ తిరిగి చూశాను. ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. పైనున్న టార్పాలిన్ కుళ్లి తడిసిన కుక్క కంపు కొడుతోంది. సీటు ఎత్తి చూడమన్నాడు. ఎత్తాను. లోపలి పీచులో ఎలుక ఈనింది. కళ్లు తెరవని, బొచ్చు లేని ఎర్రటి పిల్లలు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. ఏళ్ల తరబడి వాటి ఉచ్చ పడి కింద రేకుకు చిల్లులు పడ్డాయి. గోడ దగ్గరికి పరుగెత్తి కక్కుకున్నాను.

"గింతదానికే గిట్లయితె ఎట్లనే? బార్డర్ల మేము ఏమేం జూసినమో నీకేమెరుక" అని నవ్వాడు.

ఆయనకు నడుములో డిస్కు జారింది. స్టీరింగ్ పట్టుకుని కూర్చోగలడు గానీ బండి కిందికి దూరలేడు. దూరేదాన్ని నేను. గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకుంటే, ఆయన కుర్చీలో కూర్చుని ఏది విప్పాలో, ఏది బిగించాలో చెప్పేవాడు. జాయింటు జాయింటుకూ గ్రీజు గన్ను పెట్టి కొట్టాలి. కొత్త గ్రీజు లోపలికి పోతుంటే పాతది మట్టి కలిసి నల్లటి పురుగులా బయటికి వచ్చి నా మెడ మీద పడేది. ఎంత సబ్బుతో తోమినా గోళ్ల సందుల్లోంచి డీజిల్ పోదు. జొన్నపిండి పిసికితే రొట్టెకూ అదే వాసన. ఒళ్లు మండి ఒకసారి ఆ రొట్టెనే ఆయన ముందు పెట్టాను. ఏ తేడా తెలియనట్టు తిని లేచిపోయాడు.

ఇంజను కదిలాక చేలోంచి పత్తి, సోయాబీన్ తేవడానికి పనికొచ్చేది, కాదనను. సాయంత్రాలు ఆయన దాని బానెట్ మీద చెయ్యి వేసి వచ్చినవాళ్లకు ఫౌజు కథలు చెప్పేవాడు. అక్కడ ఒక్కటే వంట, అందరూ ఒక్కటే వరసలో తింటారు, నీదేం కులమని అడిగే మగాడే ఉండడని. ఆ మాట ఒక్కటే నాకు నచ్చేది.

ఆ వానాకాలం గోదావరి ఎగదన్ని మా ఊరి వాగు పొలాల మీద పడింది. కూలోళ్ల వాడ పల్లంలో ఉంటుంది, ముందు అదే మునిగింది. ట్రాక్టర్లు పోలేని నీళ్లలో మా ట్రక్కు పోయింది, ఎత్తు చక్రాలు కదా. ఆయన నడిపాడు. నేను వెనక నిలబడి మనుషులను పైకి లాగాను. పిల్లలు, ముసలివాళ్లు, తడిసిన బొంతలు, మేకలు. అందరినీ బడి దగ్గర దించాం. మా చేలో కలుపుకు వచ్చే ఒకామె మాత్రం దిగలేదు. "నువ్వొక్కదానివి ఎంతమందిని గుంజుతవక్కా, నేనూ అస్త" అంది.

తర్వాత ఊరి పెద్ద పటేల్ ఇంటికి పోయాం. ఆ ఇల్లు వాగు అవతల తోటలో ఉంది. మా ఆయన ట్రక్కును వరండాకు ఆనించాడు. పటేల్, ఆయన భార్య, ముసలి తల్లి సామాను కట్టుకుని నిలబడ్డారు. నీళ్లు మెట్లు ఎక్కేశాయి. పటేల్ ట్రక్కులోకి తొంగిచూశాడు.

"ఫౌజీ, కడుగు దీన్ని."

"ఏం కడగాలె పటేలా?"

"తెల్వనట్టు అడుగుతవేంది? వాడోళ్లు ఎక్కి దిగిండ్రు. మా తాన దేవుని పటాలున్నయి. గామెను గూడ దించు."

మా ఆయన ఫౌజు మాటలు అక్కడ ఒక్కటైనా బయటికి వస్తాయేమో అని చూశాను. ఆయన నడుం పట్టుకుని వెనక్కి ఎక్కాడు. బకెట్ తీసుకుని అదే వరద నీళ్లలో ముంచాడు. ఆ నీళ్లలో ఊరి మురికి కాలవ, మరుగుదొడ్ల గుంతలు అన్నీ కలిసి ఉన్నాయి. పొట్ట ఉబ్బిన చచ్చిన కోడి ఒకటి చక్రం పక్క నుంచే కొట్టుకుపోతోంది. ఆ నీళ్లు గుమ్మరించి మా ట్రక్కును శుద్ధి చేశాడు. వాడ ఆమె ఏమీ అనకుండా చీర కుచ్చెళ్లు దోపుకుని నీళ్లలోకి దిగబోయింది. నేను ఆమె రెక్క పట్టుకున్నాను.

"ఈమె దిగది. ఎక్కేటోళ్లు ఎక్కుండ్రి, లేకుంటె ఉండుండ్రి" అన్నాను.

పటేల్ నా మొహం చూడలేదు. "ఏంది ఫౌజీ, మీ ఆడది మాట్లాడుతుంది?" అన్నాడు. మా ఆయన బకెట్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. అంతలో ముసలమ్మ కొడుకును పక్కకు నెట్టింది. "నీ కడుగుడు మన్నువడ, నీళ్లు గడప దాటినయి" అని, అందిన చేతిని పట్టుకుంది. అది వాడ ఆమె చేయి. వెనకాలే పటేల్ భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎక్కింది. పటేల్ పోయి ముందు క్యాబిన్‌లో కూర్చున్నాడు.

నీళ్లు తీశాక పటేల్ మనుషులు వచ్చారు. ట్రక్కులో గోమూత్రం చల్లి, ముందర కొబ్బరికాయ కొట్టి, దండ వేసి ఫోటోలు తీశారు. మా ఆయన ఛాతీ విరుచుకుని పక్కన నిలబడ్డాడు. నాకు ఎలుకపిల్లలను చూసినప్పుడు కూడా అంత రోత పుట్టలేదు.

వాళ్లు పోయాక అడిగాను. "ఫౌజుల గూడ గిట్లనే కడిగినవా?"

"ఏం జేద్దమే? ఊళ్లె ఉండాలె గదా."

"వాడోళ్లు ఏ ఊళ్లె ఉన్నరు మరి?"

చాలా రోజులు పళ్లెం ఆయన ముందు పెట్టి పక్కింటి అరుగు మీదికి పోయేదాన్ని. ఆయన నమిలే చప్పుడు కూడా నాకు పడేది కాదు.

బండిని మాత్రం వదిలేయలేకపోయాను. ఇరుసు డబ్బాలోకి నీళ్లు దూరాయి, అట్లాగే వదిలితే బేరింగులు పోతాయన్నాడు. కింద పడుకుని బోల్టు విప్పితే పాలు కలిసిన చాయ్ రంగులో కుళ్లిన ఆయిల్ మోచేయి దాకా కారింది. తుడుచుకుంటూ అంతా దింపి, కొత్తది పోశాను. పత్తి ఏరే రోజులు దగ్గర పడుతున్నాయి.

గణపతి నిమజ్జనానికి పటేల్ తమ్ముడు ట్రక్కు అడగడానికి వచ్చాడు. మా ఆయన తాళం కోసం గోడ వైపు చూశాడు. అది నా నడుముకు ఉంది.

"వాడ గణపతిని గూడ గిండ్లనే ఎక్కిస్తమంటె ఇస్తం" అన్నాను.

అతను మా ఆయన వైపు చూశాడు. ఆయన తల వంచుకుని కాలి గోరు గిల్లుకుంటున్నాడు. అతను మరాఠీలో ఏదో గొణుక్కుంటూ వెళ్లి ట్రాక్టరు మాట్లాడుకున్నాడు.

చీకటి పడుతుండగా ఆయన గొంతు సవరించుకుని, "బ్రేకాయిల్ జూసినవా?" అని అడిగాడు.

"చూసిన" అన్నాను. తాళం మాత్రం నడుముకే ఉంచుకున్నాను.