వచ్చిన అంకె మళ్ళీ రాదు

ఆంజనేయప్రసాద్ అమలాపురంలో ఇంజినీరింగ్ చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం వెలగబెట్టాడు. అక్కడివాళ్ళు తన తెలివిని ఓర్చుకోలేకపోయారని తిరిగొచ్చేశాడు. అక్కడివాళ్ళు ఏమంటారో ఎవరూ అడగలేదు. రాజోలులో మేడ మీద ఓ గది తీసుకుని, తలుపు మీద తన పేరు కన్నా పెద్ద అక్షరాలతో 'ఫౌండర్' అని రాయించాడు. ఆ సంస్థలో రెండో మనిషి లేడు.

అతని సరుకు ఒక్కటే, రొయ్యల చెరువులో వేలాడదీసే మీటరు. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో అంకెగా రైతు ఫోనుకు పంపుతుంది, పంపినప్పుడల్లా ఫోను మోగుతుంది. అయిదుంటే నిశ్చింత. మూడుకు దిగితే ఫ్యాన్లు వేసి నీళ్ళు చిలకాలి, లేకపోతే రొయ్య చస్తుంది. అంతర్వేది దగ్గర మాణిక్యాలరావు అనే రైతు చెరువులో దాన్ని పెట్టిన కొత్తలోనే, మబ్బు పట్టిన ఓ ఉదయం మూడు, ఆ వెంటనే రెండు వచ్చాయి. ఫోను మోగింది, ఫ్యాన్లు తిరిగాయి, రొయ్య బతికింది.

"ఇకనించి ఫోను చెబితేనే ఫ్యాన్లు వెయ్యండి. కరెంటు మిగుల్తుంది" అని ప్రసాద్ సలహా పారేశాడు. మాణిక్యాలరావు నమ్మాడు.

చిక్కల్లా మోతతోనే వచ్చింది.

"ప్రసాద్ గారూ, అయిదు, అయిదు, అయిదు అని ఒకటే గోలండీ. మా ఆవిడ ఫోను చెరువులో గిరాటేసేలా ఉందండీ. చెప్పిందే చెప్పకుండా చెయ్యలేరా?"

"అదెంతసేపండీ!"

నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. ఆలోచనకైతే అసలే పట్టలేదు. కొత్త అంకెను దాని ముందు అంకెతో పోల్చి, రెండూ ఒకటైతే వదిలెయ్యమంటే సరిపోయేది. అంత చిన్న పని ప్రసాద్ హోదాకు ఆనలేదు. మొదటి రోజు నుంచి వచ్చిన అంకెలన్నీ గుర్తుపెట్టుకుని, ఒకసారి వచ్చింది మళ్ళీ ఎప్పుడొచ్చినా తీసిపారెయ్యమని రాశాడు. ఫోను నోరు మూసుకుంది. ఆ మోగని ఫోనును వీడియో తీసి, 'వచ్చిన అంకె మళ్ళీ రాదు' అని పైన రాసి, వెనక సంగీతం జోడించి, ఊరందరికీ పంపాడు.

ముసురు పట్టిన ఓ తెల్లవారుజామున ఆక్సిజన్ మళ్ళీ మూడుకు, రెండుకు దిగింది. మీటరు రెండు అంకెలూ పంపింది. ప్రసాద్ ప్రోగ్రాం వాటిని చూసి, పాతవేనని పక్కన పడేసింది. మాణిక్యాలరావు గట్టు మీదకు వచ్చేసరికి చెరువు అంచుల వెంట రొయ్యలు చచ్చి తెల్లబడి ఉన్నాయి.

ప్రసాద్ వచ్చాడు. చెరువు వైపు చూడలేదు, ల్యాప్‌టాప్ తెరిచాడు. తప్పెక్కడుందో చూడగానే తెలిసింది. మూత వేసేశాడు.

"సాఫ్ట్‌వేర్ కరెక్టేనండీ. మీరు అడిగినట్టే చేసింది."

"ఆయ్" అన్నాడు మాణిక్యాలరావు, చచ్చిన రొయ్యను వలతో లాగుతూ.

బండెక్కుతూ ప్రసాద్ అదే అన్నాడు. సాయంత్రం ఫోను చేసి మళ్ళీ మొదలెట్టాడు. "సాఫ్ట్‌వేర్ కరెక్టేనండీ..."

"ఈ మాట పొద్దున్నే వచ్చిందండీ. వచ్చిందే మళ్ళీ వస్తే తీసిపారెయ్యాలని మీరే నేర్పేరు కదా" అని మాణిక్యాలరావు ఫోను పెట్టేశాడు.

మోగని ఫోను వీడియో మాత్రం ప్రసాద్ పేజీలో ఇంకా ఉంది.