అత్త చేతికిచ్చిన తాళంచెవి

అత్త పోయిందని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాను. పొద్దున కాఫీ తాగి, పేపరు మడిచి కుర్చీ కింద పెట్టి, కళ్ళు మూసుకుందట. కునుకు తీస్తోందనుకున్నారు. నేను ఆటోలో పోదనూరు చేరేసరికి గుమ్మం ముందు చెప్పులు నిండిపోయి ఉన్నాయి. ఆటోలో ఏల వచ్చినావు, బండి లేదా అని బంధువులెవరో అడిగారు. ఊరికే అడిగిన మాటే. కారు రిపేరు షెడ్డులో ఉందన్నాను. అక్కడ కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా ఏడుపు అక్కడే ఆగిపోయింది. మనిషిని ఇంకా ఇంట్లోంచి తీయకముందే ఆ చూపు ఆమె మీదికి పోయింది. దానికి దారి వేసింది నేనే.

అత్త అంటే మా నాన్నకు అక్క. ఆమె కొడుకునే చేసుకున్నాను కాబట్టి అత్తగారు కూడా. మా వాళ్ళలో ఇది మామూలే. పుట్టినప్పటి నుంచి నువ్వు అని పిలిచిన మనిషిని పెళ్ళయ్యాక మీరు అనడం నాకు చేతకాలేదు. ఆమె అడగనూ లేదు. నాకు తల నెరిసినా ఆమెకు నేను పాపనే. తమిళ ఊళ్ళో పెరిగింది, తెలుగు మాట్లాడేదే గాని చదివేది తమిళం. పేపరు చివరి అక్షరం దాకా చదివి, ఎవరూ ముట్టుకోనట్టు మళ్ళీ మడిచేది. బోడినాయకనూరు నుంచి తెప్పించిన ఏలక్కాయలు ఎప్పుడూ కొంగుకు ముడివేసి ఉండేవి. పక్కన ఎవరు కూర్చున్నా ముడి విప్పి ఒకటి తీసి అరచేతిలో పెట్టేది. నోట్లో వేసుకో, మాట మెల్లగా వస్తాది అనేది. కోపంగా ఉన్నవాళ్ళకైతే రెండు పెట్టేది.

ఆమెకు వేగం అంటే ఇష్టం. కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి ఊళ్ళో మా తాతకు రేక్లా బండి ఉండేది, పందేల్లో పరుగెత్తించే తేలిక ఎడ్లబండి. ఆడపిల్ల ఎక్కకూడదని ఇంట్లో చెప్పినా, తాత సంతకు పోయిన రోజుల్లో ఆమె దాన్ని చెరువు గట్టు మీద తోలిందట. ఎద్దు అలిగితే కొట్టకూడదు, దిగి పక్కన నిలుచుకోవాల అని నాకు చెప్పేది. మొండిగా మాట్లాడే విద్యార్థుల విషయంలో ఆ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది.

అందుకే మా ఆయన ఆ కారు ఫోటో చూపించినప్పుడు ఇంట్లో మొదట ఒప్పుకున్నది ఆమే. నాలుగు తలుపుల ఫ్యామిలీ కారే. కాని నేలకు బాగా దగ్గరగా, ఇప్పుడే దూకబోతున్నట్టు ఉంటుంది. ముదురు ఎరుపు. కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకు అతుక్కుపోతుంది. అవినాశిలో బనియన్ల కంపెనీ నడిపే ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. ఆయన ఎందుకు అమ్ముతున్నాడో అడగలేదు. అడిగి ఉండాల్సింది.

అవినాశి గుడి ముందే పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కర్పూరం వెలిగించారు. అమ్మినాయన తాళంచెవి పళ్ళెంలో పెట్టి ముందుకు చాచాడు. సుమంగళి చేతికి ఇవ్వండి అన్నాడు మా ఆయన బాబాయి. నాకు ఆయన చిన్నమామ. కొత్త బండి సావి, అదే తాళంచెవి, మొదట ఎవరి చేతిలో పడితే వాళ్ళ రాశే, మంచి అదృష్టమైనా చెడ్డదైనా, బండికి వస్తుందని మా వాళ్ళ నమ్మకం. అందరూ నా వైపు చూశారు. అత్త జనం వెనకాల, గుడి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మామ పోయినప్పటి నుంచి ఇలాంటి చోట్ల ఆమె తనంతట తనే వెనక్కి జరిగేది. ఆ జరగడం చూసి నాకు ఒళ్ళు మండింది. పిలిచాను.

"నువ్వు తీసుకో అత్తా. ఇంటికి పెద్ద నువ్వు."

"నాకేల పాప. బొట్టున్నదానివి, నువ్వు పట్టుకో."

"నువ్వు పట్టుకుంటేనే నేను బండెక్కేది."

అందరి ముందూ అంత గట్టిగా అన్నాక ఆమెకు వేరే దారి లేకపోయింది. రెండు చేతులూ చాచి తీసుకుంది. చిన్నమామ ఆకాశం వైపు చూశాడు. కాని ఆ తర్వాతి గంట నేను మరిచిపోలేను. ముందు సీట్లో కూర్చుంది. అవినాశి రోడ్డు మీదికి రాగానే మా ఆయన వేగం పెంచాడు. ఆమె అద్దం దించమని, కొంగు గాలికి పోకుండా పళ్ళతో పట్టుకుని, "ఇంకా తొక్కు సామి" అంది. నా కళ్ళు చెమర్చాయి. నేను ఒక మంచి పని చేశానని ఆ వారమంతా కాలేజీలో స్నేహితులకు చెప్పుకున్నాను. ఆ సంతోషంలో ఆమెది ఎంతో, నాది ఎంతో ఇప్పుడు విడదీయలేకపోతున్నాను.

నెల తిరగకుండానే పల్లడం రోడ్డులో స్టీరింగు వెనక పసుపు దీపం వెలిగింది. గేరుబాక్సు వేడెక్కిందని దాని అర్థం. బండి రెండో గేరులోనే ఇరుక్కుపోయి, సైకిళ్ళు దాటిపోతుంటే పాక్కుంటూ ఇంటికి చేరింది. తర్వాత కూలెంట్ కారడం, తర్వాత ఏదో సెన్సరు. ఒక భాగం మారిస్తే ఇంకోటి అలిగేది. కావాల్సిన సామాను వచ్చేదాకా బండి షెడ్డులో ఉండేది, మేము బస్సుల్లో తిరిగేవాళ్ళం. బోడినాయకనూరు పెళ్ళికి పోతుంటే మాత్రం ఊరు కంటికి కనపడకముందే పొగ కక్కింది. పట్టుచీరల్లో, ఏలక్కాయ బస్తాల మధ్య జీపులో కూర్చుని, తాళి కట్టాక చేరాం. విస్తరి ముందు చిన్నమామ ఎవరినీ చూడకుండా అడిగాడు.

"సావి మొదట ఎవరి చేతికి పోయింది?"

అందరికీ తెలిసిన జవాబే. అత్త అప్పడం విరుచుకుంటూ, "నా చేతికే" అంది.

ఆ తర్వాత ఆమె ఆ బండెక్కలేదు. మోకాళ్ళు నొప్పి, సీటు మరీ కిందికుంది, కూర్చుంటే లేవలేను అనేది. సీటు నిజంగానే కిందికి ఉంటుంది, అందువల్ల ఎవరూ బలవంతం చేయలేదు. గుడికి, ఆసుపత్రికి, చుట్టాలిళ్ళకు టౌన్ బస్సులో పోయేది. ఎప్పుడు మొదలైందో నేను గమనించలేదు గాని, ఏలక్కాయలు కొంగులోంచి గిన్నెలోకి మారాయి. కావాల్సినవాళ్ళు తీసుకోండని గిన్నె చూపించేది. ఎవరి అరచేతిలోనూ ఏదీ పెట్టడం మానేసింది. కొత్త స్టవ్ వస్తే నన్ను పిలిచి ముట్టించమంది. మామ పోయాక ఆమె ఒక అడుగు వెనక్కి జరిగింది. నేను చెయ్యి పట్టుకుని ముందుకు లాగాక, ఇంట్లో అన్నిటి నుంచీ వెనక్కి జరిగింది.

బండి అమ్మేస్తే ఆ మాట ఆగిపోయేదేమో. మా ఆయన ఒప్పుకునేవాడు కాదు, బండి చెప్పినట్టు వింటాది, అయితే నెలకొకనాడు అని నవ్వేవాడు. నేనూ గట్టిగా అడగలేదు. ఎందుకంటే ఆ నెలకొకనాడు కాలేజీ నుంచి ఒంటరిగా దాన్ని నడుపుకుంటూ వచ్చేటప్పుడు, వంతెన ఎక్కుతూ కాలు నొక్కేటప్పుడు, నాకు బాగుండేది. వేగం ఆమెకు ఇష్టం, అనుభవించింది నేను. నేను బయల్దేరినప్పుడల్లా గేటు పట్టుకుని, బండి వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూసేది.

ఒకసారి అడిగేశాను. వరండాలో చాప మీద వడియాలు తిరగేస్తోంది. కాలేజీలో నేను చెప్పేది భౌతికశాస్త్రం. గేరుబాక్సు ఎందుకు వేడెక్కుతుందో, ఆ రకం బండ్లకు మన ట్రాఫిక్కులో ఎందుకు ఆ జబ్బు వస్తుందో పాఠంలా చెప్పాను. దానికీ నీ చేతికీ ఏ సంబంధమూ లేదు అన్నాను. ఆమె వడియాలు తిప్పడం ఆపలేదు.

"అది నాకు తెలీదా పాప. చేతిలో ఏముండాది, ఉత్త చెయ్యి."

"మరి ఏల ఎక్కవు?"

"నేను ఎక్కినప్పుడు ఆగిపోతే నన్ను అనరు. నేనేమి, ముసలిది. చదువుకున్నామె పట్టుబట్టి ఇప్పించింది కదా అని నిన్నంటారు. నేను లేనప్పుడు ఆగితే బండి ఆగింది అంటారు, అంతే."

వడియం ఒకటి పచ్చిదని పక్కకు తీసి పెట్టింది. నన్ను కాపాడుతోందని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆ నమ్మకమూ లేదు. నిజంగానే తన చేతిని అనుమానించి, నాకు ఆ బరువు తగలకూడదని ఈ కారణం అల్లి చెప్పిందేమో. ఉత్త చెయ్యి అనే మనిషి ఏలక్కాయలు గిన్నెలో ఎందుకు పెడుతుంది? ఆమె ఉన్నన్నాళ్ళూ ఇది అడగలేదు. ఏ జవాబు వచ్చినా తప్పు నాదే అవుతుందని నాకు తెలుసు.

పదో రోజు అయ్యాక అస్థికలు కలపడానికి రామేశ్వరం బయల్దేరాం. బండి ముందురోజే షెడ్డు నుంచి వచ్చింది. వేరే బండి పిలుద్దామని నేను అన్నాను. అమ్మను మన బండిలోనే తీసుకుపోదాం, ఇప్పుడైనా ఎక్కనీ అన్నాడు మా ఆయన. చిన్నమామ వెనక సీట్లో, తెల్లగుడ్డ చుట్టిన చెంబును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ధారాపురం దాటింది, దిండిగల్ దాటింది. అంత హాయిగా ఆ బండి నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. గేర్లు నూనెలో జారినట్టు పడుతున్నాయి.

మదురై బైపాస్ మీద చిన్నమామ మెల్లగా అన్నాడు. "ఈ దినం బండి ఎట్ల పోతా ఉండాదో చూడు. ఒక తొందరవూ ఇయ్యలేదు, ఒక ఇబ్బందీ లేదు."

వెనక్కి తిరిగి చూశాను. ఆయన చెయ్యి చెంబు మీద గుడ్డను నిమురుతోంది, కళ్ళు తడిగా ఉన్నాయి. వదిన మీద ఆయనకు ప్రేమ లేదని నేను అనలేను. మా ఆయన రోడ్డు చూస్తున్నాడు.

అప్పుడు నేను చేసింది ఏమిటంటే, ప్రార్థించాను. ఏ దేవుణ్ణో నాకే తెలియదు. రాశిని, శకునాన్ని ఇన్నేళ్ళు ఎగతాళి చేసినదాన్ని, స్టీరింగు వెనక పసుపు దీపం వెలిగే ఆ చిన్న చోటుని రెప్ప వేయకుండా చూస్తూ, ఒక్కసారి ఆగిపో అని వేడుకున్నాను. ఆమె లేకపోయినా చెడిపోతావని ఈయనకు చూపించు. ఈ ఎండలో, ఎక్కడైనా సరే, పొగ కక్కు, రెండో గేరులో ఇరుక్కో. పరమకుడి వచ్చింది. రామనాథపురం వచ్చింది. ఆ చోటు నల్లగానే ఉంది.

పాంబన్ వంతెన మీదికి వచ్చాం. రెండు వైపులా నీళ్ళు. అందరి బండ్లూ అక్కడ ఓరగా ఆగుతాయి, జనం దిగి సముద్రం చూస్తారు. మాది ఆగలేదు.